అమ్మ కడుపులో వల

కళింగపట్నం ఒడ్డున పడవలు ఇసకెక్కేసరికి మా అమ్మ గొంతు అక్కడ సిద్ధంగా ఉండేది. చేపలు కుప్ప పోసి వేలం వేయడాన్ని మా వైపు పాట అంటారు. కొనేవాళ్ళు ధర పెంచుతూ కేక వేస్తే అది పాడటం. మా అమ్మకి రాగం తెలీదు, తాళం తెలీదు, కానీ పాడిందంటే శ్రీకాకుళం నుంచి వచ్చిన వ్యాపారులు కూడా ఓసారి గుటక మింగి ఆలోచించేవారు. చీర పైకి దోపి, కుప్ప ముందు గొంతుక్కూర్చుని, తలెత్తి ఒక్క కేక పెట్టేది. మా బడి ఒడ్డుకి దగ్గర. నేను ఎక్కాలు అప్పజెబుతుండగానే ఆ కేక కిటికీలోంచి లోపలికొచ్చేది. ఆ పూట మా ఇంట్లో ఏం కూరో నాకు బెంచీ మీదే తెలిసిపోయేది.

పాట గెలిచాక నవ్వేది. ఆ నవ్వు గురించి విడిగా చెప్పాలి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం, కొంగు కప్పుకోవడం లాంటివి ఆవిడకి ఎవరూ నేర్పలేదు. ఒళ్ళంతా కదిలేలా, పక్కవాళ్ళ భుజం మీద చరుస్తూ నవ్వేది. ఓడిపోయిన వ్యాపారి కూడా చివరికి నవ్వేసేవాడు, ఏం చేస్తాడు మరి.

ఇప్పుడు నేను విజయనగరంలో పంతులమ్మని. ఒక వేసవి సెలవులకి ఊరెళ్ళి, అలవాటుగా అమ్మ వెనకాలే ఒడ్డుకి వెళ్ళాను. అమ్మ కుప్ప ముందుకి వెళ్ళలేదు. జనం వెనక నిలబడింది, ఒక కాలు మీద ఇంకో కాలు మెలివేసి. కావలసిన కుప్ప వచ్చినప్పుడు పెద్దమ్మని, అంటే వాళ్ళ అక్కని, మోచేత్తో పొడిచి "పాడప్పా" అంది. పెద్దమ్మ గొంతు దోమ గొంతు. వంజరాలు వేరే వాళ్ళకి వెళ్ళిపోయాయి. అమ్మ ఏమీ అనలేదు. అదీ నాకు భయం వేసిన సంగతి. వంజరం చెయ్యి జారిపోతే మా అమ్మ ఊరికే ఉండటమా!

ఇంటికొచ్చాక పెరట్లో ఇద్దరం కూర్చుని నెత్తళ్ళు ఎండబోస్తున్నాం. ఒక కాకి చేప నోట కరచుకుని ఎగరబోయి, పరిచిన వలలో కాలు ఇరుక్కుని, బొక్కబోర్లా పడింది. నేను పడీ పడీ నవ్వాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, గబగబా వెళ్ళి చప్టా మీద కాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చుంది. నవ్వాల్సిన చోట నవ్వకుండా కూర్చునే చోటు వెతుక్కునే మనిషిని మా ఇంట్లో నేను మొదటిసారి చూశాను.

"గొంతుకేమైనా అయిందా?" అని అడిగాను.

"గొంతుకేటి, గుండ్రాయిలా ఉన్నాది."

"మరి పెద్దమ్మ చేత ఎందుకు పాడిస్తున్నావ్?"

"అదీ పాడాల కదే. నేర్సుకుంటాది."

పెద్దమ్మకి మనవరాళ్ళ పెళ్ళిళ్ళు కూడా అయిపోయాయి, ఇప్పుడు నేర్చుకుంటుందట. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, అమ్మ పోలికే. చేటలో నెత్తళ్ళు కింద పెట్టేసి, చెప్తేగానీ కదలనన్నాను. అమ్మ అటూ ఇటూ చూసింది. పెరట్లో ఆ కాకి తప్ప ఎవరూ లేరు.

"కిందకి దిగిపోనాదే."

"ఏం దిగిపోయింది?"

"సంచి."

నేను చేపల సంచీ అనుకుని చుట్టూ చూశాను. అమ్మ నా నెత్తి మీద ఒక్కటిచ్చి, "నువ్వు తొమ్మిది నెల్లూ ఉన్న సంచే, మొద్దు మొకమా!" అంది.

అప్పుడు చెప్పింది. ముగ్గుర్ని కంది, కన్న కొద్ది రోజులకే నెత్తి మీద చేపల గంప పెట్టుకుంది, ఊరూరా అమ్ముతూ ఏళ్ళ తరబడి మోసింది. మొదట ఏదో బరువుగా ఉన్నట్టు అనిపించేదట. తర్వాత తర్వాత చేతికి తగలడం మొదలైంది. పాత చీర ముక్క మడతపెట్టి, గోచీలా బిగించి కట్టుకుని ఒడ్డుకి వెళ్తోంది.

"తుమ్మితే దిగుతాది. దగ్గితే దిగుతాది. నవ్వితే మరీని. పాటంటే సెప్పనక్కర్లేదు. గొంతుక్కూకొని కేకెట్టానంటే, అదీ బయటికొచ్చి నా పక్కనే కూకుంటాది. మల్లీ సేత్తో లోపలికి తోసుకొని లెగాల."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఏడుపు గెలిచింది. అమ్మ నా వీపు రాస్తూ, తనకే ఏదో చిన్న ముల్లు గుచ్చుకున్నంత మామూలుగా, "ఏడవకే. నానేటి సచ్చిపోతన్నానా? నాకేటి కావాలో తెల్సా? ఒడ్డుకెల్లి పాడాల. కడుపారా నవ్వాల. అంతే" అంది. కాస్త ఆగి, "సంచి మాత్రం తియ్యనివ్వను" అంది.

ఆ రెండూ ఒకదానికొకటి కుదరవని శ్రీకాకుళంలో చెప్పారు. అక్కడ మేం చూపించిన డాక్టరు పెద్దావిడ, మంచి మనిషి. పిల్లలు పుట్టేశారు, వయసు యాభై దాటింది, తీసేస్తే హాయి అంది. అందులో తప్పేం లేదు, చాలామందికి అదే చేస్తారు. మా ఊళ్ళో ఆడవాళ్ళు సంచి తీయించుకోవడం గురించి పన్ను పీకించుకున్నంత తేలిగ్గా మాట్లాడుకుంటారు. కానీ అమ్మ బల్ల మీంచి దిగి, చీర సర్దుకుని, డాక్టరుకి దణ్ణం పెట్టి బయటికొచ్చేసింది.

పెద్దమ్మకి ఒళ్ళు మండింది. ఆవిడకి ముప్పై ఏళ్ళు నిండకముందే తీసేశారు. "నాకు తీసీసి ఎన్నేల్లయినాది? ఏటయినాది నాకు? రాయిలా ఉన్నాను. నీకేటే అంత పేనం ఆ సంచంటే?" అని మా వీధి అరుగు మీద నిలబడి కేకలేసింది. పాటప్పుడు ఆ గొంతు ఎక్కడికి పోతుందో నాకు అర్థం కాలేదు.

అమ్మ మెల్లగా చెప్పింది. "ఈ పిల్లలు ముగ్గురూ ఉన్న ఇల్లది. ఇల్లు కాళీ అయిపోనాదని పడగొట్టీసుకుంటారేటప్పా? తలుపు వదులైతే తలుపు బిగించుకోవాల. నీది నీ ఇట్టం, నాది నా ఇట్టం."

పెద్దమ్మ విసురుగా వెళ్ళిపోయింది, చాలా రోజులు మాట్లాడలేదు. దాంతో ఒడ్డున అమ్మ తరఫున పాడేవాళ్ళు కూడా లేకుండా పోయారు. అమ్మ మిగిలిపోయిన కుప్పలు కొనుక్కుని, మిగిలిపోయిన మనిషిలా ఇంటికి రావడం మొదలుపెట్టింది. ఆ వార్త ఫోన్లో విన్నరోజు నేను పిల్లలకి పాఠం సరిగ్గా చెప్పలేదు.

మా బడిలో తోటి టీచరు ఒకామె చెబితే విజయనగరంలోనే ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. వయసులో నాకంటే చిన్నది. పొందూరు నేత చీర కట్టుకుని, కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని కూర్చుంది. అమ్మతో అయ్య కూడా వచ్చాడు. మా అయ్య మాట్లాడటం చాలా తక్కువ. వల కట్టేవాడికి నోట్లో దారం, చేతిలో కండె ఉంటాయి కాబట్టి మాట్లాడే తీరిక లేదని అమ్మ వెక్కిరిస్తుంటుంది. ఆడవాళ్ళ సంగతి కదా అని, గదిలో గోడ పక్కన కూర్చుని తన కాళ్ళ వైపే చూస్తున్నాడు.

డాక్టరమ్మ పరీక్ష చేసింది, స్కాన్ తీయించింది, సంచి మూతి దగ్గర్నుంచి తీసిన తడి పరీక్షకి పంపింది. అన్నీ వచ్చాక మళ్ళీ పిలిచి నిదానంగా చెప్పింది. సంచిలో ఏ రోగమూ లేదు. దాన్ని పట్టి ఉంచే కట్లు వదులయ్యాయి, అంతే. రబ్బరు రింగు పెట్టుకుని గడపొచ్చు. తీసేయొచ్చు. లేదా సంచిని ఉంచి, పైకెత్తి కట్టొచ్చు.

"ఎత్తి కట్టీడమే" అంది అమ్మ, చెప్పడం పూర్తికాకుండానే.

"వినండమ్మా ముందు. పొట్ట మీద చిన్న చిన్న కన్నాలు పెట్టి లోపలికి వెళ్తాం. వల లాంటి మెత్తటి ముక్క ఒకటి ఉంటుంది. దాని ఒక కొస సంచి మెడకి కుడతాం, ఇంకో కొస వెనకాల నడుం కింద ఎముకకి బిగిస్తాం."

వల అనగానే మా అయ్య తల లేచింది.

"కన్నెంత?" అన్నాడు.

డాక్టరమ్మ కంగారుపడింది. "కన్నుకేం కాదండీ. మత్తు ఇచ్చినా కళ్ళకి ఏ ఇబ్బందీ రాదు" అంది.

"కన్నండీ. వల కన్ను" అని నేను అందుకున్నాను. "వలలో ఒక్కో రంధ్రాన్ని కన్ను అంటారు. ఎంత వెడల్పని అడుగుతున్నాడు."

ఆవిడ కళ్ళజోడు దించి అయ్య వైపు మొదటిసారి సరిగ్గా చూసింది. "చాలా సన్నం. ఆవగింజ కూడా దూరదు" అంది.

"నైలానా?"

"అలాంటిదే, వేరే రకం."

"ఉప్పునీల్లకి తట్టుకుంటాదా?"

"ఒంట్లో నీళ్ళూ ఉప్పగానే ఉంటాయి కదండీ. తట్టుకుంటుంది."

అయ్య తలాడించి మళ్ళీ కాళ్ళ వైపు చూడటం మొదలుపెట్టాడు. మా ఇంట్లో ఆయన ఒక నెలలో మాట్లాడే మాటలు ఆ గదిలోనే అయిపోయాయి.

డాక్టరమ్మ ఏదీ దాచలేదు. కొంతమందికి ఆ వల ఒరుసుకుని ఇబ్బంది పెట్టొచ్చు, మళ్ళీ జారనూ వచ్చు, ఆ పరిస్థితి వస్తే అప్పుడు తీయాల్సి రావచ్చు, తప్పకుండా చూపించుకుంటూ ఉండాలి అంది. అమ్మ అన్నిటికీ ఊ కొట్టింది.

"బరువులు మాత్రం ఇక ఎప్పటికీ వద్దు."

"గంపో?"

"గంప వద్దమ్మా."

అమ్మ మొహం కాస్త వాడింది. ఆటో ఉంది కదా అని తనే సర్దుకుంది. తర్వాత అసలు ప్రశ్న అడిగింది. "మరి పాట? పాడొచ్చా?"

ఎంతైనా సంగీతానికి పేరుపడ్డ విజయనగరం డాక్టరు. ఆవిడ మొహం విచ్చుకుంది. "పాడండమ్మా, హాయిగా పాడుకోండి! సంగీతం ఒంటికి ఎంతో మంచిది. మా అమ్మమ్మా వాళ్ళింట్లో అందరూ పాడేవారు. మీరు ఏం పాడతారు?"

నేను చెప్పబోయేలోగానే అమ్మ కుర్చీలోంచి లేచి, చీర దోపి, ఆ గది మధ్యలో గొంతుక్కూర్చుని, తలెత్తి, ఒక్క కేక పెట్టింది. "నూటేబయ్యీ!" అని.

తలుపు తోసుకుని ఇద్దరు నర్సులు వచ్చారు. బయట చీటీ రాసే అమ్మాయి కూడా వచ్చింది. డాక్టరమ్మ కుర్చీ వెనక్కి జరిగింది. అమ్మ నేల మీదే కూర్చుని, నా వైపు చూసి, "దిగిపోనాదే" అంది. అది మాత్రం చిన్న గొంతుతో.

నేను లేపి పక్కగదిలోకి తీసుకెళ్ళాను. తిరిగొచ్చేసరికి డాక్టరమ్మ ఇంకా నవ్వు ఆపుకుంటోంది, కానీ కళ్ళల్లో ఆలోచన కనిపించింది. "ఇదా పాటంటే! ఇప్పుడే మాటివ్వలేనమ్మా. కొన్ని నెలలు అసలు వద్దు. ఆ తర్వాత చూసి చెప్తాను. కూర్చుని అయితే నాకు ఇష్టం లేదు, నిలబడి పాడటం నేర్చుకోండి" అంది. అమ్మ సరే అంది. బయటికొచ్చాక మెట్ల మీద ఆగి, "వద్దంటాదేమోనే. సంచుండి పాట లేకపోతే నానేటి సేసుకోవాల?" అంది. చెయ్యి పట్టుకుని మెట్లు దింపాను.

ఆసుపత్రిలో చేరే రోజు వచ్చింది. ముందు అనుకున్నప్పుడు డాక్టరమ్మ, "వల మా దగ్గర ఉండదు, బయట నుంచి తెప్పించాలి" అంది. నేను డబ్బు కట్టి తెప్పించమన్నాను కూడా. ఆ మాటలో ఇంకో అర్థం ఉందని నాకు తోచలేదు.

అమ్మని మంచం మీద పడుకోబెట్టాక డాక్టరమ్మ చూడటానికి వచ్చింది. అప్పుడు అయ్య లేచి, చంకలోంచి ఉతికిన తువ్వాలు మూట తీసి, రెండు చేతులతో ఆవిడకి అందించాడు. విప్పితే అందులో జానెడు వల. తెల్లగా, కొత్తగా, కళ్ళన్నీ ఒక్క కొలతలో.

"నానే కట్టాను. ఉడకబెట్టాను. ఎండబెట్టాను. సముద్రం మొకం సూడని వల" అన్నాడు.

తెప్పించాలి అంటే మనం తేవాలి అనుకున్నాడు. వారం రోజులుగా చేపల వేటకి వెళ్ళకుండా దీన్నే కడుతూ కూర్చున్నాడని అప్పుడు తెలిసింది. నర్సులు మొహాలు పక్కకి తిప్పుకున్నారు. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. ముక్కని వెలుగుకి ఎత్తి పట్టుకుని చూసింది, వేలితో లాగి చూసింది.

"ఎంత బాగా కట్టారండీ. కానీ లోపల పెట్టే వల వేరే ఉంటుంది. క్రిములు చేరకుండా ఫ్యాక్టరీలోనే సీలు వేసి పంపుతారు. ఇది పెట్టకూడదు" అంది.

"కన్ను పెద్దదయిపోనాదా?"

మంచం మీంచి అమ్మ తలెత్తి చూసింది. "మావా! నన్నేటి కవల్లని పట్టినట్టు వలేసి పట్టీడానికొచ్చావా?"

కవళ్ళంటే మా ఒడ్డున దొరికే చవక చేపలు. గదిలో అందరూ ఇక ఆగలేకపోయారు. అయ్య కూడా పెదాలు బిగించి నవ్వాడు. అమ్మ ఒక్కతే రెండు మోకాళ్ళూ దగ్గరికి నొక్కుకుని, దిండు పట్టుకుని, నవ్వకుండా ఉండటానికి కళ్ళు మూసుకుంది. ఇంతమందిని నవ్వించి తను నవ్వకుండా పడుకున్న అమ్మని చూస్తూ, రేపటితో ఇది ఆఖరు కావాలని అక్కడే నిలబడి కోరుకున్నాను.

మర్నాడు పొద్దున్నే తోపుడు మంచం వచ్చింది. థియేటరు తలుపు ముందు ఒక నర్సు చేతిలో అట్టపెట్టె పట్టుకుని నిలబడింది. అసలు వల అందులో ఉందని తెలిసి అయ్య దగ్గరికి వెళ్ళాడు, చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. పసుపూ కుంకుమా.

నర్సు పెట్టెని వెనక్కి దాచుకుంది. "ఏంటండీ ఇది! స్టెరైల్ వస్తువు!"

"కొత్త వల" అన్నాడు అయ్య. మా వాళ్ళందరికీ ఆ రెండు మాటలు చాలు. కొత్త వలని గంగమ్మని తలుచుకుని పసుపు బొట్టు పెట్టకుండా నీళ్ళలో దింపరు. ఆ బొట్టు పెట్టేది ఆ ఇంటి ఆడమనిషి. నేను నర్సుకి అదే చెప్పాను. ఆమె, "నీళ్ళలో కాదండీ, పొట్టలో" అంది. అదీ నిజమే, ఏమనాలి!

తోపుడు మంచం మీంచి అమ్మ లేచి కూర్చుంది. "బొట్టెట్టకపోతే నాను దిగిపోతాను" అంది.

గొడవ విని డాక్టరమ్మ తలకి టోపీతో బయటికొచ్చింది. సంగతి విని క్షణం ఆలోచించింది. "లోపల వల సీలు వేసిన కవరులో ఉంటుంది. ఈ అట్టపెట్టె ఎలాగూ లోపలికి రాదు. కవరు తీసుకుని, పెట్టె వాళ్ళకివ్వండి. వల వచ్చిన ఇల్లే కదా, దీనికి పెట్టుకోండి" అంది. తర్వాత అయ్య వైపు వేలు చూపించి, "కొబ్బరికాయ మాత్రం గేటు బయట" అంది.

అమ్మ తోపుడు మంచం మీదే కూర్చుని, బొటనవేలితో పెట్టె నాలుగు మూలలా పసుపు పెట్టింది. మధ్యలో కుంకుమ బొట్టు పెట్టింది. తన నుదుట కూడా పెట్టుకోబోతే నర్సు చెయ్యి పట్టుకుని తుడిచేసింది. అమ్మ బుద్ధిగా తుడిపించుకుని పడుకుంది. తలుపు మూసుకుంది.

లోపల ఉన్నంతసేపూ నాకు చచ్చేంత భయం వేసింది. ఇంట్లో ఉండమంటే ఉండేది కదా, నేనే ఇక్కడిదాకా లాక్కొచ్చానా అనిపించింది. అయ్య గేటు బయట కొబ్బరికాయ కొట్టి, చిప్పలు ముక్కలు చేసి, కాపలా మనిషికీ, చీటీల అమ్మాయికీ, ఎవరెవరో రోగుల చుట్టాలకీ పంచి, నా పక్కన వచ్చి కూర్చున్నాడు. నాకూ ఒక ముక్క ఇచ్చాడు. ఇద్దరం కొబ్బరి నములుతూ ఆ తలుపు వైపే చూశాం.

డాక్టరమ్మ బయటికొచ్చి, "బాగా జరిగింది. సంచి దాని చోట ఉంది" అంది.

"ముడి బిగిసినాదా?" అన్నాడు అయ్య.

"బిగిసిందండీ."

నేను ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చేశాను. ఆవిడ ఇంతకుముందు ఎంతమందిని చూసిందో, నా చేతుల్లోంచి చేతులు లాక్కోకుండా అలాగే నిలబడింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు అమ్మ విజయనగరంలో మా ఇంట్లోనే ఉంది. అంత కష్టమైన రోజులు నాకు ఎప్పుడూ లేవు, ఎందుకంటే ఇంట్లో ఎవరూ నవ్వు పుట్టించే మాట అనకూడదని నేను రూలు పెట్టాను. టీవీలో హాస్యం వస్తే కట్టేసేదాన్ని. తుమ్ము వస్తే దిండు పొట్టకి అదుముకోమనేదాన్ని. "ఒసే, సర్కిల్ ఇనస్పెక్టరా" అని పిలిచేది అమ్మ. ఆ మాటకి నాకే నవ్వొచ్చి వంటింట్లోకి పారిపోయేదాన్ని.

ఒకరోజు తలుపు తీస్తే పెద్దమ్మ. చేతిలో ఎండు నెత్తళ్ళ పొట్లం. లోపలికొచ్చి, పలకరింపు లేకుండా మంచం పక్కన కూలబడింది.

"ఏదే, సూపించు."

"ఏటి?"

"వల."

"లోపలున్నాదే అప్పా. బొక్కెట్టి సూపించమంటావేటి?"

పెద్దమ్మ అమ్మ పొట్ట మీద నాలుగు చిన్న మచ్చలూ ఒక్కొక్కటే వేలితో తాకి చూసింది. "ఇంత సిన్న కన్నాల్లోంచా!" అంది. తర్వాత కిటికీ వైపు తిరిగి, "ఇలాగుంటాదని నాకెవులు సెప్పారే" అంది. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆ పూట నేను వాళ్ళిద్దరినీ వదిలేసి నెత్తళ్ళ పులుసు పెట్టాను. పెద్దమ్మ రెండుసార్లు అన్నం పెట్టించుకుని తింది.

కొన్ని నెలలకి, పాట సంగతి తేల్చే పరీక్ష రోజు వచ్చింది. డాక్టరమ్మ చూసింది. దగ్గమంది, అమ్మ దగ్గింది. ముక్కమంది, ముక్కింది. సంచి ఉన్నచోటనే ఉంది. "నిలబడి పాడండి. మొదట్లో చిన్నగా. ఏమాత్రం బరువుగా అనిపించినా ఆపేసి నా దగ్గరికి రండి" అంది. దారిలో ఆటోలో అమ్మ కొంగు కొసని ముడి వేస్తూ, విప్పుతూ కూర్చుంది. పాడొచ్చని చెప్పినంత మాత్రాన పాడగలదని కాదు కదా. అది ఇద్దరికీ తెలుసు.

ఒడ్డుకి నేనూ వెళ్ళాను, సెలవు పెట్టి మరీ. పెద్దమ్మ పక్కనే నిలబడింది, అవసరమైతే తను పాడేస్తానని. వేలం వేసేది మా పక్కవీధి మావయ్య. అమ్మని చూసి పలకరించాడు గానీ, జాలి పడుతున్నట్టు కనిపించకుండా గబగబా పనిలో పడ్డాడు. నాలుగు కుప్పలు వెళ్ళిపోయాయి. అమ్మ నోరు విప్పలేదు. అయిదోది ఒక్కటే చేప, నిగనిగలాడే పండుగప్ప. శ్రీకాకుళం వ్యాపారి ఒకాయన ధర చెప్పాడు.

అమ్మ రెండు కాళ్ళూ ఇసకలో ఎడంగా పెట్టుకుని నిలబడింది. "ఇంకో యాబై" అంది. మామూలుగా అంది. వ్యాపారి పెంచాడు. "ఇంకో యాబై" అంది, కాస్త గట్టిగా. వ్యాపారి మళ్ళీ పెంచాడు. అమ్మ ఊపిరి పీల్చుకోవడం నాకు కనిపించింది.

"ఇంకో యాబయ్యీ!"

పడవల దగ్గర కూర్చున్న కొంగలు లేచిపోయాయి. వ్యాపారి నవ్వి, చేతులు జోడించి వెనక్కి తగ్గాడు. అమ్మ మాత్రం కదలకుండా నిలబడి, లోపల ఏమవుతోందో వింటున్నదానిలా తల వంచింది. ఏమీ జారలేదు. ఆ సంగతి ఆవిడ మొహం మీద నేను స్పష్టంగా చూశాను.

"ఒకటోపాలి!" అన్నాడు మావయ్య. మూడోపాలి అన్నాడంటే పాట ముగిసినట్టే.

"ఇంకో యాబయ్యీ!"

మావయ్య తికమకపడ్డాడు. "సెల్లీ, ఎవులూ ఎదురు పాడలేదే. నీ మీద నువ్వే పెంచుకుంటన్నావు."

"తెల్సన్నా. ఇంకో యాబయ్యీ!"

ఒడ్డంతా గొల్లుమంది. పెద్దమ్మ "ఓలమ్మో, దీనికి పిచ్చెక్కినాది" అంటూ అమ్మ చెయ్యి లాగింది. అమ్మ విదిలించుకుని ఇంకో యాభై పెంచింది. ఆ మాట సగంలో ఉండగానే నవ్వు తన్నుకొచ్చింది. నోరంతా తెరిచి, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా, ఎక్కడైనా కూర్చోవాలని చూసుకోకుండా, నిలబడే నవ్వింది. నేనూ నవ్వుతున్నాను, ఏడుస్తున్నాను, ఈసారి ఏది గెలిచిందో నాకు తెలీదు.

నవ్వు తగ్గాక అమ్మ కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ ఊపిరి పీల్చింది. ఇక ఆపకపోతే చేప ధర ఆకాశానికి పోతుందని మావయ్య తొందరపడి చెయ్యెత్తాడు.

"ఒకటోపాలి! రెండోపాలి!"

పడవ పక్కన వల బాగు చేసుకుంటున్న అయ్య ఎప్పుడు లేచాడో, జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి మావయ్య ఎత్తిన చెయ్యి పట్టుకున్నాడు.

"మూడోపాలి అనకు బావా" అన్నాడు. "దాన్ని ఇంకా పాడనీ."